ముప్పది సంవత్సరముల సాక్ష్యము

విలియం కేరీ పేరు వినని క్రైస్తవ కుటుంబము మన తెలుగువారిలో అరుదు. చెప్పులు కుట్టి జీవించిన వాడొకడు ఇండియాకు వచ్చి బైబిలును అనేక భాషలలోనికి తెచ్చెనని సండేస్కూలు పిల్లలు సైతము చెప్పగలరు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో సేరంపూరు ముద్రణాలయమునుండి వెలువడెననియు, అంతకు నాలుగేండ్ల ముందే, అనగా 1814లో, ఆయన తెలుగు భాషకు ఒక వ్యాకరణము ప్రకటించెననియు ఎరిగినవారు కొందరున్నారు. అయితే ఆయన జీవితములో మరియొక పని కలదు. జీవిత చరిత్రలలో అది తరచుగా రెండు మూడు వాక్యములతో ముగిసిపోవుచుండును. 1799లో ఒక సాయంకాలము హుగ్లీ నది యొడ్డున మొదలై, 1829 డిసెంబరులో ఒక ఆదివారము వరకు సాగిన పని యది. ఈ వ్యాసములో ముఖ్యముగా దానినే చెప్పదలచితిమి.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్‌షైరు మండలమునందు పాలర్స్‌పరి అను పల్లెలో జన్మించెను. తండ్రి మొదట నేతపనివాడు, తరువాత గ్రామ బడిపంతులు. కుమారుడు చెప్పులు కుట్టు పని నేర్చుకొని, ఆ పని చేయుచునే లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు చదివి, బాప్టిస్టు సంఘములకు కాపరియయ్యెను. 1792లో ఆయన ప్రకటించిన చిన్న పుస్తకము దూరదేశములకు సువార్త పంపుటను గూర్చినదని అందరికిని తెలియును. అందులో ఒక చిన్న మాటను మాత్రము చాలమంది గమనింపరు. వెస్టిండీస్ దీవులలో నీగ్రో బానిసల చెమటతోను నెత్తుటితోను పండిన చక్కెరను వాడమని ఆ దినములలో ఇంగ్లాండులో అనేక కుటుంబములు తీర్మానించుకొనియుండెను. కేరీ వారిని మెచ్చుకొని, ఆ విధముగా మిగిలిన డబ్బును మిషను పనికి ఇయ్యవచ్చునని సూచించెను. ఇండియాను కంటితో చూడకముందే, తాను త్రాగు తేనీటిలోని తీపికిని ఎక్కడనో ఒక మనుష్యుని వీపుమీది కొరడా దెబ్బకును సంబంధమున్నదని ఆయన ఎరిగియుండెనన్న మాట.

1793 నవంబరులో భార్యాబిడ్డలతో కలకత్తాలో దిగెను. చేతిలో ధనము లేదు. ఈస్టిండియా కంపెనీవారి అనుమతియు లేదు. కొన్ని నెలల దారిద్ర్యము తరువాత, 1794లో, జార్జి ఉడ్నీ అను దైవభక్తిగల కంపెనీ ఉద్యోగి మాల్దా ప్రాంతమున ముద్నాబాటిలోని తన నీలిమందు కర్మాగారముపై అతనికి పని యిచ్చెను. ఆ సంవత్సరమే అయిదేండ్ల కుమారుడు పీటరు జబ్బుచేసి మరణించెను. శవమును ముట్టినయెడల కులము పోవునను భయముచేత, గొయ్యి త్రవ్వుటకైనను ఎవరును ముందుకు రాలేదు. చివరకు నలుగురు మహమ్మదీయులు ఒకరికొకరు ధైర్యము చెప్పుకొని త్రవ్విరి. పీటరు తల్లి డొరొతీ ఆ దుఃఖమునుండి మరి తేరుకొనలేదు. ఆమె సంగతి మరల చెప్పవలసియున్నది.

మాల్దా సమీపముననే కేరీ ఒక చెట్టుకు వ్రేలాడుచున్న బుట్టను చూచెను. అందులో ఒక పసికందు అవశేషములుండెను. చీమలు తినివేయగా పుఱ్ఱె మిగిలియుండెను. పాలు త్రాగని శిశువును దయ్యము పట్టినదని తలచి అట్లు వ్రేలాడదీయు ఆచారము ఆ ప్రాంతమున కొందరిలో నుండెనని ఆయన తెలిసికొనెను. అప్పుడు చేయగలిగినది ఏమియు లేకపోయెను. చూచెను, వ్రాసికొనెను.

1799 సంవత్సరము వేసవి ఆరంభము. కలకత్తానుండి పడవలో తిరిగి వచ్చుచున్న కేరీ, నయాసరాయి అను చోట, ప్రొద్దు గ్రుంకు వేళ, నది యొడ్డున జనులు గుమిగూడియుండుట చూచెను. ఏమని విచారింపగా శవదహనమునకు చేరితిమని చెప్పిరి. చనిపోయినవాని భార్యయు అతనితో కూడ దహింపబడునా అని యడుగగా, అవునని చెప్పి ఆమెను చూపిరి. పెద్ద కట్టెలతో పేర్చిన చితి నడుము ఎత్తుకైనను లేదు. దానిపై భర్త శవము. ప్రక్కన ఆమె నిలిచియుండెను. చేరువనున్న బంధువు చేతిలో ఒక బుట్టనిండ మిఠాయిలుండెను.

ఇది ఆమె ఇష్టమా, లేక బలవంతమా అని కేరీ వారినడిగెను. ఆమె ఇష్టమేయని వారు చెప్పిరి. వారితో వాదించెను, ప్రయోజనము లేకపోయెను. ఇది నరహత్యయని బిగ్గరగా చెప్పెను. వారు ఇది మహా పుణ్యకార్యమనియు, చూడలేనియెడల దూరముగా పొమ్మనియు పలికిరి. పోననియు, అంతయు చూచి ఈ హత్యకు సాక్షిగా నుందుననియు ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. అప్పుడు నేరుగా ఆమెతోనే మాటలాడెను. ప్రాణము తీసికొనవద్దనియు, నిరాకరించినంతమాత్రమున ఆమెకు ఏ కీడును కలుగదనియు, భయపడవలదనియు బ్రతిమాలెను. ఆమె మిక్కిలి నెమ్మదిగా చితిపైకెక్కి, చేతులు చాచి, ఏ కలతయు లేనిదానివలె నాట్యమాడెను. అంతకుముందే ఆమెను చితిచుట్టు ఆరు మారులు త్రిప్పిరి. త్రిప్పుచుండగా ఆమె మిఠాయిలను జనులలోనికి వెదజల్లెను. వారు వాటిని పవిత్రముగా నెంచి ఏరుకొని తినిరి. ఆ తరువాత ఆమె శవము ప్రక్కన పండుకొని దాని మెడక్రింద ఒక చేతిని, పైన ఒక చేతిని వేసెను. ఎండుటాకులును తక్కిన వస్తువులును పైన కుప్పగా పోసిరి, నెయ్యి కుమ్మరించిరి. పిమ్మట రెండు వెదురు బొంగులను అడ్డముగా వేసి గట్టిగా అదిమిపట్టి నిప్పంటించిరి.

ఆ వెదురు బొంగులను చూచినప్పుడు కేరీ మరల కేకవేసెను. ఇష్టపూర్వకముగా చచ్చుచున్నదానిని అదిమిపట్టవలసిన పని యేమి? చితి పడిపోకుండుటకేయని వారు బదులు చెప్పిరి. జనులందరు ఒక్కసారి హరినామము పెద్దగా నరచిరి. ఆ కేకలలో ఆమె మూలిగెనో, అరచెనో వినుటకే వీలు లేకపోయెను. పెనుగులాడినను కనబడదు. ఆయన మరి చూడలేక, ఇది హత్యయేయని అరచుచు, అక్కడనుండి వెడలిపోయెను.

చదువరులు ఈ సంగతిని న్యాయముగా చూడవలెను. హిందువులందరును ఈ పని చేయుచుండిరని గాని, బంగాళమున ప్రతి విధవయు చితికెక్కెనని గాని తలచుట పొరపాటు. ఆ ఒడ్డున నున్నవారు దొంగలు కారు, బందిపోట్లు కారు. పొరుగువారు, బంధువులు, పెద్దలు. అన్యాయము అన్నిటికంటె గట్టిగా నిలుచునది పుణ్యము పేర జరుగుచున్నప్పుడే. ఆ కాలమున కంపెనీ దొరలకును ఈ సంగతి బాగుగా తెలియును. మతవిషయములలో జోక్యము కలుగజేసికొనినయెడల అధికారము కదలునేమోయని వారు కన్నులు మూసికొనియుండిరి. వారి మౌనమునకు పుణ్యము పేరు కూడ లేదు.

ఆ సాయంకాలము కేరీ చేసినదంతయు ఓటమియే. ఒక్క ప్రాణమును ఆయన రక్షింపలేకపోయెను. అయితే సాక్షిగా నుందునన్న మాటను ఆయన విడువలేదు. సాక్ష్యమనగా ఏమిటో తరువాతి ముప్పది యేండ్లలో ఆయన చేసిన పనులనుబట్టి తెలిసికొనవలసియున్నది.

1800 జనవరిలో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అను ముగ్గురును డేనిషువారి పాలనలోనున్న సేరంపూరున స్థిరపడిరి. కంపెనీ భూమిలో మిషనెరీలకు చోటు లేకపోవుటయే అందుకు కారణము. మరుసటి సంవత్సరము గవర్నరు జనరలు వెల్లస్లీ ప్రభువు కలకత్తాలో తాను స్థాపించిన ఫోర్టు విలియం కళాశాలలో బంగాళీ బోధించుటకు కేరీని పిలిచెను. తరువాత సంస్కృతము, మరాఠీ కూడ ఆయన చేతిక్రిందికే వచ్చెను. జీతములో తన కుటుంబ పోషణకు కొద్దిపాటి సొమ్ము ఉంచుకొని తక్కినది మిషనుకు ఇచ్చివేసెను. ఈ ఉద్యోగమువలన ఆయనకు రెండు ద్వారములు తెరవబడెను: ఒకటి ప్రభుత్వ భవనమునకు, రెండవది పండితుల సభకు. నది యొడ్డున కేకవేసిన మనుష్యునికి కావలసినవి సరిగా ఈ రెండే.

మొదట శిశువుల సంగతి వచ్చెను. గంగ సముద్రములో కలియు సాగరద్వీపమున ఏటేట మకర సంక్రాంతి జాతర జరుగును. సంతానము కలిగినయెడల ఒక బిడ్డను గంగకు సమర్పింతుమని మ్రొక్కుకొనిన తల్లులు అక్కడ శిశువులను నీటిలో విడుచుచుండిరి. మొసళ్లకును సొరచేపలకును ఆ శిశువులు ఆహారమగుచుండిరి. దీనిని విచారించి తెలుపుమని వెల్లస్లీ కేరీని కోరెను. ఆయన పండితులనడిగి, శాస్త్రములు వెదకి, ఈ ఆచారమునకు శాస్త్ర ప్రమాణము లేదని తెలిపెను. అప్పటికి గవర్నరు జనరలు ఆలోచన సభలో సభ్యుడైయున్న ఉడ్నీ దీనిని బలపరచెను. 1802లో అది నరహత్యయని ప్రభుత్వము శాసనము చేసెను. జాతరలలో కాపలాకు సిపాయిలను పెట్టిరి. దేశములో తిరుగుబాటు జరుగలేదు. ఆచారము కొద్దికాలములో ఆగిపోయెను.

విధవల సంగతి అంత సులువుగా తేలలేదు. 1803లో సేరంపూరు మిషనువారు ఒక పని చేసిరి. కలకత్తా చుట్టును ముప్పది మైళ్లలోపల ఆ సంవత్సరము ఎందరు స్త్రీలు సజీవముగా దహింపబడిరో ఊరూర మనుష్యులను పంపి లెక్క వేయించిరి. వారికి దొరికిన లెక్క 438. అంతవరకు అది ఆచారము. ఆ దినమునుండి అది ఒక సంఖ్య. ఏ దఫ్తరములోను పేరులేని ఆ స్త్రీలను ఒక్కొక్కరిగా లెక్కించుటయే వారి ప్రాణమునకు విలువ కట్టుటలో మొదటి మెట్టు. ఈ లెక్కతోను, పండితులవలన సేకరించిన శాస్త్ర వచనములతోను ఒక విన్నపము తయారుచేసి ఉడ్నీ ద్వారా ప్రభుత్వము నెదుట పెట్టిరి.

1805 ఫిబ్రవరిలో వెల్లస్లీ దానిని నిజామతు అదాలతు న్యాయాధిపతులకు పంపెను. వారు తమ పండితుని అడుగగా, గర్భిణి, బాలిక, చంటిబిడ్డ తల్లి చితికెక్కరాదనియు, మందు మత్తు పెట్టరాదనియు, ఇష్టపూర్వకమైనచో శాస్త్రము అనుమతించుననియు అతడు తెలిపెను. న్యాయాధిపతుల జవాబు చేరిన కొద్దివారములకే వెల్లస్లీ పదవి విడిచి ఓడయెక్కెను. కాగితములు బీరువాలోనికి పోయెను. మరుసటి సంవత్సరము, 1806 జూలైలో, వేలూరులో సిపాయిల తిరుగుబాటు జరిగెను. దానితో మతమను మాట వినబడినంతనే ప్రభుత్వమునకు వణుకు పుట్టెను. సేరంపూరు మిషనెరీల బోధకే ఆటంకములు వచ్చెను. విధవల మాట ఎత్తువాడెవడు?

1812, 1813లలో ప్రభుత్వము కొన్ని ఉత్తరువులు పంపెను. న్యాయమైన సహగమనము, న్యాయము కాని సహగమనము అని రెండుగా విడదీసి, మొదటిదానిని చూచుటకు పోలీసులు చితి దగ్గర హాజరుండవలెననెను. సదుద్దేశముతోనే చేసియుందురు. కాని సర్కారు జవాను ఎదుట జరుగు పని సర్కారు అనుమతించిన పనిగానే జనులకు కనబడును గదా! 1815నుండి ప్రభుత్వమే లెక్కలు వేయించెను. ఆ సంవత్సరము బెంగాలు రాజధాని యంతటిలో 378, 1818లో 839. 1815నుండి 1828వరకు మొత్తము 8,134 మంది. ఇవి నమోదైన మరణములు మాత్రమే.

ఈ మధ్యకాలమున కేరీ ఊరకుండలేదు. 1812 మార్చి 11న సేరంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, అచ్చు అక్షరములతోను, తర్జుమాలతోను, మన తెలుగు వ్యాకరణము వ్రాతప్రతితోను సమస్తమును బూడిదకాగా, ఆయన మరల మొదటినుండి వ్రాయనారంభించెను. 1818లో సేరంపూరునుండి సమాచార దర్పణము అను బంగాళీ వారపత్రికయు, ఫ్రెండ్ ఆఫ్ ఇండియా అను ఇంగ్లీషు పత్రికయు బయలుదేరెను. దహనముల వార్తలు, వాటిపై వ్యాసములు ఇంగ్లీషు పత్రికలో వచ్చుచుండెను. పార్లమెంటు సభ్యుల చేతికిని అవి చేరుచుండెను. కట్వా ప్రాంతమున కుష్ఠురోగులను సజీవముగా దహించు ఘోరమును గూర్చియు సేరంపూరువారే లోకమునకు తెలిపిరి.

అయితే గెలుపంతయు మిషనెరీలదేయని చెప్పుట సత్యము కాదు. ఫోర్టు విలియం కళాశాలలో కేరీ క్రింద ముఖ్య పండితుడుగా పనిచేసిన మృత్యుంజయ విద్యాలంకారుడు, పిమ్మట సుప్రీముకోర్టు పండితుడై, 1817లో శాస్త్రములన్నిటిని పరిశీలించి సహగమనము విధి కాదనియు, విధవకు బ్రహ్మచర్య జీవితమే శ్రేష్ఠమనియు అభిప్రాయమిచ్చెను. ఆయన క్రైస్తవుడు కాలేదు. నిష్ఠగల బ్రాహ్మణుడుగానే యుండెను. మరుసటి సంవత్సరము రాజా రామమోహనరాయలు దీనిని ఖండించు గ్రంథమును బంగాళీలో ప్రకటించి, స్వజనుల ద్వేషమునకు గురియయ్యెను. ఈ బంగాళీ పండితుల నోటినుండి ఆ మాట రానియెడల ప్రభుత్వము కదలియుండెడిదా అనునది సందేహమే.

సేరంపూరులో ఇంటిలోపలను ఇదే పరీక్ష జరుగుచుండెను. 1800 డిసెంబరులో మొదట బాప్తిస్మము పొందిన కృష్ణపాల్ వడ్రంగి. 1803లో అతని కుమార్తెకును, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన ఒక యువకునికిని వివాహము జరిగెను. అదే సంవత్సరము గోకుల్ అను విశ్వాసి మరణింపగా, హీనులచేత శవమును మోయించు వాడుకను కాదని, మార్ష్‌మన్, కేరీ కుమారుడు ఫీలిక్స్, బ్రాహ్మణులలోనుండి వచ్చిన యొకడు, మహమ్మదీయులలోనుండి వచ్చిన యొకడు పెట్టెను భుజములపై మోసిరి. వీధులలో జనులు నిలువబడి చూచిరి. ఆడినమాట ఇంటిలో నిలుచునా అని లోకము చూచుచునే యుండును.

ఇక డొరొతీ. కేరీతో ఇండియాకు వచ్చుట ఆమెకు ఇష్టము లేకుండెను. చివరి క్షణమున ఒప్పుకొనెను. పీటరు మరణానంతరము ఆమెకు మతిచలించెను. పండ్రెండేండ్లకు పైగా ఆమె ఆ స్థితిలోనే యుండి 1807 డిసెంబరులో కన్నుమూసెను. ఆమె కేకలు వినబడుచున్న గది ప్రక్క గదిలోనే ఆయన తర్జుమాలు సాగెను. ఆమెను పిచ్చాసుపత్రికి పంపుమని స్నేహితులు చెప్పినను ఆయన ఒప్పుకొనలేదు. ఇందులో ఆయన ఓర్పును పొగడువారున్నారు. ఆమెను ఇల్లు విడిపించి తెచ్చుటయే తప్పని చెప్పువారును ఉన్నారు. విధవల ప్రాణములకై వాదించిన ఆయన చరిత్రలో ఈ స్త్రీ బాధను దాచిపెట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము.

1828 జూలైలో విలియం బెంటింక్ ప్రభువు గవర్నరు జనరలుగా వచ్చెను. సైన్యాధికారులను, న్యాయాధిపతులను విచారించెను. శాసనము చేసినయెడల అలజడి రేగునేమోయని రామమోహనరాయలు సైతము సందేహించెను. నెమ్మదిగా, అడ్డంకులు పెంచుచు మాన్పించుట మేలని ఆయన తలంపు. బెంటింక్ ధైర్యము చేసెను. 1829 డిసెంబరు 4న, శుక్రవారమునాడు, బెంగాలు రాజధానిలో సహగమనము శిక్షార్హమైన నేరమని శాసనము వెలువడెను.

శాసనము ఇంగ్లీషులో నున్నది. దానిని బంగాళీలోనికి తర్జుమా చేయవలసిన ప్రభుత్వ అనువాదకుడు కేరీయే. అప్పటికి ఆయనకు అరువది యెనిమిదేండ్లు. ఆదివారము ఉదయమున, ప్రసంగమునకు సిద్ధపడుచుండగా, కాగితములు సేరంపూరు చేరెను. విశ్రాంతిదినమును ఎంతో నిష్ఠతో ఆచరించిన మనుష్యుడాయన. అయినను ఒక్క గడియ ఆలస్యమైనను ఎక్కడనో ఒక చితి వెలుగవచ్చునని తలచి, తొడిగిన నల్లకోటు విప్పివేసి, ప్రసంగమునకు మరియొకరిని పంపి, తన పండితుని పిలిపించుకొని కూర్చుండెను. మాటమాటను తూచి వ్రాయవలసిన పని. శాసనములో ఒక పదము వదులైనను వెదురు బొంగులవారికి సందు దొరకును. సాయంకాలమునకు ముగించెను. నయాసరాయి ఒడ్డుననున్న ఆ స్త్రీ మరణించి ముప్పది యేండ్లు దాటెను.

శాసనమును రద్దుచేయుమని కలకత్తాలోని కొందరు పెద్దలు ఇంగ్లాండులోని ప్రీవీ కౌన్సిలువరకు పోయిరి. 1832 జూలైలో ఆ అపీలు కొట్టివేయబడెను. రామమోహనరాయలు అప్పుడు లండనులోనే యుండెను.

కేరీ చివరి దినములలో మంచముపై నున్నప్పుడు ఇంగ్లాండునుండి మరియొక వార్త వచ్చెను. వెస్టిండీస్ బానిసల విడుదలకు 1833లో పార్లమెంటు శాసనము చేసెనని విని కన్నీటితో దేవునికి స్తోత్రము చెల్లించెను. చక్కెర మాట వ్రాసి అప్పటికి నలుబది యేండ్లు దాటెను. 1834 జూన్ 9న ఆయన సేరంపూరులో మరణించెను. ఆ శాసనము అమలులోనికి వచ్చినది ఆగస్టు 1న. కంపెనీ పాలనలోనున్న ఇండియాను మాత్రము అందులోనుండి మినహాయించిరి. ఇక్కడి బానిసత్వమును గూర్చిన చట్టమునకు 1843వరకు ఆగవలసివచ్చెను.